పరదేశంలో కోసిన పన్ను అడిగితేనే తిరిగొస్తుంది!

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమెరికా ప్రభుత్వమూ అంతే సుమండీ! మన పిల్లల జీతంలోంచి ఎక్కువ కోసుకున్న పన్ను తిరిగి ఇస్తుంది గానీ, అడిగినవాళ్ళకే, అదీ గడువులోగా అడిగినవాళ్ళకే. అక్కడ ఎమ్మెస్ చదివి, ఏడాదో రెండేళ్ళో ఉద్యోగం చేసి, వీసా కుదరక ఇంటికి వచ్చేసిన పిల్లలు మన చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. నెత్తిమీద చదువు అప్పు అలాగే ఉంటుంది. రావలసిన డాలర్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఎక్కువ ఎందుకు కోస్తారు?

పెళ్ళికి వెయ్యిమంది వస్తారని బియ్యం తెప్పిస్తాం. ఆరువందల మందే వస్తే మిగిలిన బస్తాలు కొట్లో వాపసిచ్చి డబ్బు తెచ్చుకోమూ? ఇదీ అలాంటిదే. ఈ మనిషి ఏడాది పొడుగునా ఇలాగే సంపాదిస్తాడన్న లెక్కన కంపెనీ నెలనెలా పన్ను పట్టుకుంటుంది. అక్కడ పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా. అబ్బాయి జూన్‌లోనే వచ్చేస్తే, సగం ఏడాది సంపాదనకు నిండు ఏడాది రేటు పడినట్టే. ఎక్కువైంది రిటర్ను వేసి అడగాలి.

విద్యార్థి వీసా, అంటే ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు మామూలుగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలూ పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు. వాళ్ళు వేయాల్సింది 1040-ఎన్ఆర్ అనే ఫారం. నాన్‌రెసిడెంట్లకు సాధారణంగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. మన దేశపు విద్యార్థులకు మాత్రం భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద అది దొరుకుతుంది. 2024 సంవత్సరానికి పెళ్ళికానివాళ్ళకు అది 14,600 డాలర్లు. అంతమేరకు జీతం మీద పన్ను లేదన్నమాట. ఈ సంగతి తెలియక వదులుకోకండి.

జీతం చీటీలో ఆ రెండు గళ్ళు చూడండి

సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం అని చీటీలో రెండు కోతలుంటాయి. చదువయ్యాక ఓపీటీ కింద ఉద్యోగం చేసే ఎఫ్-1 పిల్లలకు, నాన్‌రెసిడెంట్లుగా ఉన్నంతకాలం, ఈ కోతలు ఉండకూడదు. మా చెల్లెలి కొడుక్కి నెలకు 4,000 డాలర్ల జీతంలో 306 డాలర్లు ఇలా పోయాయి. పది నెలలకు 3,060! ముందు కంపెనీనే అడగాలి, అదీ పద్ధతి. వాడు రెండుసార్లు రాసినా వాళ్ళు ఉలకలేదు, పలకలేదు. అప్పుడు 843 ఫారం, దానికి జతగా 8316 ఫారం నింపి, కాగితాల నకళ్ళతో పన్నుల శాఖకు పోస్టులో పంపాడు. నెలల తరబడి ఎదురుచూశాక డబ్బు వచ్చింది. మా చెల్లెలు అందులో ఒక్క రూపాయి ముట్టకుండా బ్యాంకులో చదువు అప్పుకు కట్టించేసింది.

హెచ్-1బి మీద పనిచేసినవాళ్ళకు ఈ రెండు కోతలూ వాపసు రావు. వాళ్ళు ఎక్కువ కట్టిన ఆదాయపు పన్ను మాత్రం అడగవచ్చు.

గడువు

2024లో సంపాదించినదానికి రిటర్ను వేయాల్సిన తేదీ 2025 ఏప్రిల్ 15. అప్పుడు వేయకపోయినా రిఫండు అడగడానికి మామూలుగా మూడేళ్ళ వ్యవధి ఉంది, అంటే 2028 ఏప్రిల్ 15 దాకా. అది దాటితే ఆ డబ్బు వాళ్ళదే. రాష్ట్రాల పన్ను వేరు. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో దానికి ఇంకో రిటర్ను వేయాలి. టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్రం పన్నే లేదు.

దాచాల్సిన కాగితాలు

ఏడాదికి ఎంత జీతమిచ్చారో, ఎంత కోశారో చెప్పే డబ్ల్యు-2 కాగితం కంపెనీ జనవరి 31 లోగా ఇవ్వాలి. కాబట్టి బయల్దేరే ముందే ఇక్కడి చిరునామా, సొంత ఈమెయిలు కంపెనీకి ఇచ్చి రమ్మనండి. ఆఖరి జీతం చీటీ, పాస్‌పోర్టులో వీసా పేజీ, ఐ-20, ఐ-94, ఓపీటీ కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరు అన్నీ ఒకే కవరులో పెట్టి, బంగారంతో పాటు బీరువాలో ఉంచండి. మరీ ముఖ్యంగా, అక్కడి బ్యాంకు ఖాతా అప్పుడే మూసేయవద్దని చెప్పండి. 2025 సెప్టెంబరు 30 నుంచి అక్కడి ప్రభుత్వం రిఫండుకు కాగితపు చెక్కులను క్రమంగా మానుకుంటోంది.

బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ళకు

అక్కడ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతుంది. 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు. ఆ మినహాయింపును నెలలకు పంచి లెక్కకడతారు కనుక, మధ్యలో వచ్చేసినవాళ్ళకు చాలాసార్లు వాపసు ఉంటుంది. కంపెనీ ఇచ్చే పి45 దగ్గర పెట్టుకుని పి85 ఫారం పంపాలి. ఆ పన్ను సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ గడువు.

ఫోను వస్తే జాగ్రత్త!

“మీ రిఫండు సిద్ధంగా ఉంది, ముందు ఫీజు కట్టండి” అంటూ ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. రిఫండు ఎందాకా వచ్చిందో ప్రభుత్వం వారి సొంత వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు, అదీ ఉచితంగా. కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు గల్ఫ్ కుటుంబాలవారు మరీ జాగ్రత్త. దుబాయ్, కువైట్, ఖతార్, సౌదీలలో జీతం మీద ఆదాయపు పన్నే లేదు. కోయని పన్నుకు రిఫండేమిటి? అక్కడ అడగాల్సింది సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ.

చివరగా ఒక మాట. వచ్చిన రిఫండు మన డబ్బే, కొత్త ఆదాయం కాదు. దానిమీద వడ్డీ ఇస్తే అది ఆదాయం. ఆ విదేశీ పన్నును ఇక్కడి రిటర్నులో చూపి తగ్గింపు పొంది ఉంటే, రిఫండు సంగతి ఆడిటరుకు తప్పక చెప్పాలి.

ఫారాలు నింపడం పిల్లల పని. తేదీ గుర్తుచేయడం, కవరు భద్రంగా ఉంచడం మన పని. పాలవాడి లెక్క పైసలతో సహా చూసుకునే మనం డాలర్ల లెక్క వదులుకుంటామా? ఈ వారమే పిల్లల్ని కూర్చోబెట్టి ఆ జీతం చీటీలు బయటికి తీయించండి.