పొక్లెయిన్

పొక్లెయిన్ అనునది మట్టిని త్రవ్వి, ఎత్తి, ప్రక్కన పోయుటకు ఉపయోగించు భారీ యంత్రము. దీని సాంకేతిక నామము హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్. ప్రొక్లెయిన్, ప్రొక్లెయినర్ అని కూడా పలుకుతారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లు పరిసరాలలో కాలువల పూడికతీత, చేపల చెరువుల త్రవ్వకము, గట్ల నిర్మాణము వంటి పనులలో ఈ మాట తరచు వినిపిస్తుంది.

పేరు పుట్టుక

పొక్లెయిన్ అనేది నిజానికి ఒక ఫ్రెంచి సంస్థ పేరు. జార్జ్ బటాయ్ 1927లో స్థాపించిన ఈ సంస్థ మొదట వ్యవసాయ పరికరాలను తయారుచేసేది. 1951లో హైడ్రాలిక్ త్రవ్వకపు యంత్రాన్ని రూపొందించింది. 1961లో వచ్చిన టీవై45 నమూనా పూర్తి వలయముగా తిరుగగలిగి, ఎంతో ప్రసిద్ధి పొందింది. భారతదేశములో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ 1970వ దశకములో ఈ యంత్రాల తయారీ చేపట్టుటతో ఆ పేరు ఇక్కడ స్థిరపడింది. తరువాత ఫ్రెంచి సంస్థ ఎక్స్‌కవేటర్ల విభాగము అమెరికాకు చెందిన కేస్ సంస్థ చేతికి వెళ్ళింది. తయారీదారు మారినా మాట మిగిలింది. వనస్పతిని డాల్డా అనుట, నకలు ప్రతిని జిరాక్సు అనుట ఇటువంటివే.

నిర్మాణము, పనిచేయు విధానము

యంత్రము క్రింది భాగములో రెండు ఇనుప పట్టాలు ఉంటాయి. వాడుకలో వీటిని చైన్లు అంటారు. వాటిపై ఇంజను, డ్రైవరు గది ఉన్న పై భాగము 360 డిగ్రీలు తిరుగుతుంది. ముందుకు చాచిన చేయికి బూమ్, ఆర్మ్ అని రెండు భాగాలు, చివర పళ్ళు గల బకెట్ ఉంటాయి. డీజిల్ ఇంజను నడిపే పంపు నూనెను అధిక పీడనముతో సిలిండర్లలోనికి పంపుతుంది. ఆ పీడనమే చేయిని, బకెట్‌ను కదిలిస్తుంది. 20 టన్నుల తరగతి యంత్రపు బకెట్‌లో సుమారు ఒక ఘనపు మీటరు మట్టి పడుతుంది.

జేసీబీకి, పొక్లెయిన్‌కు భేదము

జేసీబీ కూడా సంస్థ పేరే. దానిని స్థాపించిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలవి. వాడుకలో జేసీబీ అనగా నాలుగు చక్రాలతో, ముందు మట్టిని నెట్టి ఎత్తే తొట్టి, వెనుక త్రవ్వే చేయి గల యంత్రము. అది రోడ్డుపై తనంతట తాను పోగలదు. పొక్లెయిన్‌ను ట్రెయిలరుపై తరలించాలి. అయితే దాని బరువు వెడల్పైన పట్టాలపై పరచుకొనుటచే డెల్టాలోని మెత్తని నల్లమట్టిలో తేలికగా దిగబడదు. విశేషమేమనగా, జేసీబీ సంస్థ చేసిన పట్టాల యంత్రాన్ని కూడా జనులు పొక్లెయిన్ అనే అంటారు. అందుచేత తెలుగులో ఈ రెండు మాటలు తయారీదారును గాక యంత్రపు రకాన్ని తెలుపుతాయి.

డెల్టాలో వాడుక

1847-1852 మధ్య ధవళేశ్వరము ఆనకట్ట నిర్మించిన కాలములో డెల్టా కాలువలను పలుగు, పార, తట్టలతో మనుషులే త్రవ్వారు. నేడు వాటి పూడికను పొక్లెయిన్ గట్టుపై నిలిచి తీస్తుంది. వరిచేలను చేపల, రొయ్యల చెరువులుగా మార్చుటలోనూ ఇదే ముఖ్య సాధనము. త్రవ్విన మట్టినే చుట్టూ గట్టుగా పోస్తారు. పని తొందరగా ముగుస్తుంది గాని, పైమట్టి తొలగిన చేనును తిరిగి వరికి తెచ్చుట కష్టము. రొయ్యల చెరువుల ఉప్పునీరు ప్రక్క చేలలోనికి ఊరుట మరొక సమస్య. అందువలన చెరువు త్రవ్వుటకు ముందు ప్రభుత్వ అనుమతి పొందాలనే నియమమున్నది. కొల్లేరు సరస్సులో అక్రమ చెరువుల గట్లను 2006లో ప్రభుత్వము తెగగొట్టించినప్పుడు కూడా ఇటువంటి యంత్రాలనే వాడారు.

ఈ యంత్రము వలన మట్టిపని కూలీలకు ఉపాధి తగ్గింది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము, ఆ పథకపు పనులలో కూలీల స్థానాన్ని ఆక్రమించే యంత్రాలను సాధ్యమైనంతవరకు వాడరాదని నిర్దేశించింది.

ఇవి కూడా చూడండి

- ధవళేశ్వరము ఆనకట్ట
- కొల్లేరు సరస్సు
- పాలకొల్లు