గూడ్సు పెట్టెకు వయసు తెచ్చే కుంచె

ఎర్రగుంట్ల జంక్షన్ గుండా పోయే గూడ్సు బండ్లను కాసేపు నిలబడి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఒకే రంగు వేసుకుని కార్ఖానా నుంచి బయటికొచ్చిన పెట్టెలు కొన్నేళ్లు తిరిగేసరికి ఒకదానికొకటి పోలిక లేకుండా పోతాయి. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి బొగ్గు మోసే పైకప్పు లేని పెట్టెలు పైఅంచున రంగు లేచిపోయి, అడుగున తుప్పుపట్టి ఉంటాయి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో సిమెంటు బస్తాలు నింపుకునే మూత పెట్టెలకు తలుపుల కింద బూడిదరంగు చారలు కడతాయి. రెండింటికీ మొదట పూసింది ఎరుపు కలిసిన గోధుమరంగే. ఆ తరువాతి తేడా అంతా అవి మోసిన సరుకు వల్ల, తడిసిన వాన వల్ల, వాటిని ఖాళీ చేసిన యంత్రాల వల్ల వచ్చింది.

చిన్న రైళ్లు కట్టే అభిరుచి ఉన్నవాళ్లు కొత్త నమూనా వ్యాగన్‌కు ఈ వయసంతా చేత్తో తెస్తారు. ఈ పనికి వెదరింగ్ అని పేరు. దీనికి ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ ఉండి తీరాలని చాలామంది మొదట్లోనే వెనక్కి తగ్గుతారు. అవి లేకుండానే ఈ పని బాగా అవుతుందని నా గట్టి నమ్మకం. ఎయిర్‌బ్రష్ రంగును మంచులా సమంగా చల్లుతుంది. వ్యాగన్ మీది మురికి సమంగా ఉండదు. జారిన చోట చార, గీసుకున్న చోట గీత, నీరు నిలిచిన చోట తుప్పు. వీటన్నిటికీ కుంచె, స్పాంజి ముక్క, వేలికొన సరిపోతాయి. గాలికి లేచి పైన పరుచుకునే దుమ్ము ఒక్కటే సమంగా ఉండేది. దాన్ని పాస్టెల్ పొడి చక్కగా చూపిస్తుంది.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని మాంటెరీలో జాన్ ఆలెన్ అనే ఆయన తన ఇంటి అడుగు అంతస్తులో ఒక కొండప్రాంతపు రైల్వేను చిన్న కొలతల్లో కట్టాడు. వృత్తి ఫొటోగ్రఫీ కాబట్టి వెలుగు ఏ ఉపరితలం మీద ఎలా పడుతుందో బాగా ఎరిగినవాడు. కొత్తగా నిగనిగలాడే నమూనాలే అందమనుకునే రోజుల్లో మాసిన ఇంజన్లు, వెలిసిన పెట్టెలు చూపించి ఆ అభిరుచి దారినే మార్చాడు. 1973 జనవరిలో ఆయన చనిపోయిన కొద్దిరోజులకే ఆ రైల్వే చాలావరకు మంటల్లో కాలిపోయింది. మిగిలినవి ఫొటోలు. మరకకు కారణం తెలిస్తే చిన్న బొమ్మ కూడా నిజంలా నిలబడుతుందని వాటిని చూస్తే అర్థమవుతుంది.

కాబట్టి కుంచె ముట్టుకునే ముందు అసలు వ్యాగన్‌ను చదవాలి. పక్కన రాసి ఉండే 11 అంకెల సంఖ్యతో మొదలుపెట్టొచ్చు. అందులో మొదటి రెండంకెలు వ్యాగన్ రకాన్ని, తరువాతి రెండు అది ఏ రైల్వేదో చెబుతాయి. అయిదు, ఆరు స్థానాల్లో ఉన్నవి తయారైన సంవత్సరం. ఆ తరువాత నాలుగంకెల వరస సంఖ్య, చివర సరిచూసుకునే అంకె. అయిదు, ఆరు స్థానాల్లో 09 ఉంటే ఆ పెట్టె 2009లో పుట్టింది. అలాగని పాత సంఖ్య కనబడగానే తుప్పు దట్టించకూడదు. కొన్నేళ్లకోసారి ప్రతి వ్యాగన్ వర్క్‌షాపుకు పోతుంది. మన వైపు విజయవాడ పక్కన రాయనపాడులో అలాంటి పెద్ద వర్క్‌షాపు ఉంది. అక్కడ రేకులు మార్చి, రంగు వేసి పంపుతారు. అందుకే మాసిన బండిలో మధ్యన ఒక పెట్టె కొత్తపెళ్లికూతురిలా కనబడుతుంది. చివరి మరమ్మతు వివరం కూడా పక్కనే రాసి ఉంటుంది. ఆ రాత మీ నమూనా మీద ఉంటే, మురికి ఎంత ఉండాలో అదే చెబుతుంది.

మన దారిలో ఎక్కువగా కనబడే బొగ్గు పెట్టె బాక్సెన్. పొడవు కప్లర్లతో కలిపి దాదాపు 10.7 మీటర్లు. 1:87 కొలతలో కడితే 12.3 సెంటీమీటర్లు, అరచేతిలో పడుకుంటుంది. ఈ లెక్క ఎప్పుడూ మనసులో ఉండాలి. నమూనా మీద 1 మిల్లీమీటరు తుప్పు చుక్క పెడితే అసలు పెట్టె మీద అది 8.7 సెంటీమీటర్ల మచ్చ. మనం కుంచెతో సరదాగా వేసే చుక్కలన్నీ పళ్లెమంత పెద్దవైపోతాయి. అందుకే సన్నని కుంచె, కంసాలులు వాడే భూతద్దం, పట్టకారు కావాలి. ప్రొద్దుటూరు లాంటి బంగారం పనివాళ్ల ఊరిలో వాటికి వెతుక్కోనక్కర్లేదు.

బాక్సెన్ ఎలా పాతబడుతుందో చూడండి. సింగరేణి నుంచో, ఒడిశా గనుల నుంచో బొగ్గు వస్తుంది. తడి బొగ్గులో ఉండే గంధకం లోపలి రేకును తినేస్తుంది. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది కాబట్టి బయట మొదట కనబడేది పక్కల అడుగుభాగంలో, నేల రేకు కలిసే చోట. థర్మల్ కేంద్రాల్లో టిప్లర్ యంత్రం పెట్టెను పట్టుకుని బోర్లిస్తుంది. ఆ పట్టు పడే పైఅంచు రంగు లేచిపోయి, ఒరుసుకుని మెరుస్తుంది, తరువాత నారింజరంగుకు తిరుగుతుంది. టిప్లర్ లేని చోట జేసీబీ బకెట్ లోపల గోకుతుంది. నిలువు కడ్డీల మధ్య రేకు బయటికి ఉబ్బుతుంది. ఉబ్బిన చోట రంగు పెచ్చులూడుతుంది. ఖాళీ అయిన పెట్టె లోపల నల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. కానీ బొగ్గు రాపిడికి రంగు పోయిన రేకు ఒక్క వానకే ఎర్రబారుతుంది కాబట్టి లోపలి పక్కలు తుప్పురంగులో, మూలలు మాత్రమే నల్లగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడిన బాక్సెన్‌హెచ్‌ఎల్ పెట్టెలకు ఇంత తుప్పు ఉండదు. వాటికి దుమ్మూ మరకలే ప్రధానం. రెండింటికీ ఒకే మందు వేస్తే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇక చేతిపని. ముందు నమూనాను గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వేళ్ల జిడ్డు ఉంటే ఏ రంగూ పట్టదు. దాని మీద మ్యాట్ వార్నిష్ పలుచగా వేయాలి, డబ్బాతో స్ప్రే చేసినా సరే, వెడల్పాటి మెత్తని కుంచెతో పూసినా సరే. నిగనిగ పోయి కాస్త గరుకు వస్తేనే తరువాతి పొడి నిలబడుతుంది.

మొదటి పని ఎండకు రంగు వెలిసినట్టు చేయడం. కడప జిల్లా ఎండ సంగతి చెప్పేదేముంది! తెలుపులో పిసరంత పెట్టె రంగే కలిపి, నీళ్లలా పలుచన చేసి, పైనుంచి కిందికి మాత్రమే కుంచె లాగుతూ పూయాలి. అడ్డంగా లాగితే అది వాన గీత కాదు, పెయింటర్ గీత అవుతుంది. అక్రిలిక్ రంగు మన వేసవిలో కుంచె మీదే ఆరిపోతుంది. కాబట్టి పొద్దున్నే ఫ్యాను ఆపి పని చేయడం మంచిది. నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేస్తే రంగు ముద్దకట్టకుండా సందుల్లోకి దిగుతుంది.

తుప్పుకు చిన్న స్పాంజి ముక్క చాలు. దాన్ని చింపి, చింపిన గరుకు వైపు ముదురు గోధుమరంగులో అద్ది, కాగితం మీద దాదాపు ఆరిపోయేదాకా తట్టి, అప్పుడు పెట్టె అంచుల మీద తాకించాలి. ఎక్కడపడితే అక్కడ కాదు, పైన చెప్పిన కారణాలున్న చోటే. ముదురు మచ్చ లోపల సన్నని కుంచెతో కాస్త నారింజ పెడితే కొత్త తుప్పు, పెట్టకపోతే పాత తుప్పు. ఈ రెండు వయసులూ ఒకే పెట్టె మీద ఉండాలి.

తుప్పు చారలకు ట్యూబుల్లో దొరికే ఆయిల్ రంగులకు మించినవి లేవు. కాస్త రంగు అట్టముక్క మీద పెట్టి ఉంచితే అందులోని నూనెను అట్ట పీల్చుకుంటుంది, తొందరగా ఆరుతుంది, మెరుపు కూడా పోతుంది. సూదిమొనతో చుక్క పెట్టి, టర్పెంటైన్‌లో తడిపి తుడిచేసిన కుంచెతో కిందికి లాగితే చార వస్తుంది. బాగా రాకపోతే తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నూనె తగ్గినా ఆయిల్ రంగు అక్రిలిక్ కన్నా తీరుబడిగానే ఆరుతుంది, అదే దాని గొప్ప. ఆరిన అక్రిలిక్‌ను టర్పెంటైన్ కరిగించదు కాబట్టి కింది పూత చెక్కుచెదరదు. ఇక్కడొక హెచ్చరిక. హార్డ్‌వేర్ షాపులో ఊరికే థిన్నర్ అని అడిగితే చాలాసార్లు ఎన్‌సీ థిన్నర్ చేతిలో పెడతారు. అది ప్లాస్టిక్ పెట్టెను కరిగించి ముద్ద చేస్తుంది. టర్పెంటైన్ అని పేరుపెట్టి అడగాలి, అయినా ముందు పెట్టె అడుగున ఒక చుక్క వేసి చూడాలి. కిటికీలు తెరిచి పని చేయాలి.

చివరికి పొడి. స్టేషనరీ షాపుల్లో పిల్లలు బొమ్మలకు వాడే పొడి పాస్టెల్ చాక్‌లు కొనాలి. మైనంలా ఉండే ఆయిల్ పాస్టెల్స్ పనికిరావు. బ్లేడుతో గీకితే మెత్తని పొడి రాలుతుంది. దాన్ని మెత్తని కుంచెతో అద్దాలి. బొగ్గు మసికి నిక్కమైన నలుపు వాడకండి. చిన్న వస్తువు మీద నలుపు చూపును మింగేస్తుంది, కడ్డీలు, రివెట్లు అన్నీ మాయమవుతాయి. నలుపులో బూడిదరంగు, కాస్త గోధుమ కలపాలి. పొడి మీద మళ్లీ వార్నిష్ కొడితే సగం మాయమవుతుందని ముందే తెలుసుకుని కాస్త ఎక్కువే అద్దాలి. చేతుల్లోకి తీసుకోని పెట్టెలకైతే వార్నిష్ అసలు వద్దు. చక్రాల ముఖాలకు తుప్పు గోధుమరంగు వేయొచ్చు, పట్టాను తాకే అంచుకు మాత్రం వేయకూడదు. పాతకాలపు నాలుగు చక్రాల పెట్టెలకు ఇరుసు నుంచి నూనె చిమ్మి చక్రాలు నల్లగా జిడ్డు పట్టేవి. బాక్సెన్‌కు మూసి ఉండే రోలర్ బేరింగులు. దాని చక్రాలకు నల్ల జిడ్డు పూస్తే అది వేరే కాలపు బండి అవుతుంది.

సిమెంటు మోసే బీసీఎన్ మూత పెట్టెది వేరే రసాయనం. బొగ్గు మసిని వాన కడుగుతుంది. సిమెంటు దుమ్మును గట్టిపరుస్తుంది. బస్తా చినిగి గడప మీద పడిన పొడి ఒక్క జల్లుకు రాయైపోయి, ఆ పైన ఎన్ని వానలు కురిసినా పోదు. కాబట్టి ఇక్కడ పాస్టెల్ చాలదు. లేత బూడిదరంగు అక్రిలిక్‌లో చిటికెడు టాల్కం పౌడరు కలిపి, తలుపు గడప కింద గరుకుగా పెట్టి, దాని నుంచి రెండు మూడు పొట్టి చారలు దించాలి. తలుపుల పక్కన హమాలీల చేతులు, భుజాలు ఆనే ఎత్తులో ఒక మాసిన పట్టీ ఉంటుంది. అది మరిచిపోకపోతే పెట్టె పక్కన మనిషి ఉన్నట్టే అనిపిస్తుంది.

అడుగుభాగానికి నేల రంగు. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాల పోయే లైను మీద 2016 నుంచి ప్రయాణికుల బండి నడుస్తోంది. ఆ దారి పొడవునా చాలాచోట్ల నల్లరేగడి. నేల నలుపే గాని ఎండి గాలికి లేచిన రేగడి దుమ్ము బూడిదరంగు. నాపరాళ్లు కోసే చోట్ల లేచే పొడీ అదే రంగు. పులివెందుల వైపు పోతే దుమ్ము ఎర్రబడుతుంది. ఈ రంగులను చూసి పాస్టెల్స్‌తో కలుపుకోవాలే గాని అసలు మట్టిని, రాతిపొడిని జల్లెడపట్టి వాడొద్దు. ఎర్రమట్టిలో అయస్కాంతానికి అంటుకునే రేణువులుంటాయి, అవి ఇంజన్ మోటారులోకి పోతే చెడిపోతుంది. అంతకన్నా ముఖ్యం, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో రాతినార గనులు ఉండేవి. ఆ గనుల దిబ్బల నుంచి తెచ్చిన ఏ రాయినీ ఇంట్లో నూరకూడదు. ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణాంతకం.

పులివెందులలో రైలు స్టేషను లేదు. ముద్దనూరు నుంచి పులివెందుల మీదుగా ముదిగుబ్బకు లైను కావాలన్న ప్రతిపాదన మాత్రం ఉంది. బల్ల మీద మనం ఆ లైను వేసుకోవచ్చు. అప్పుడు పులివెందుల దగ్గరి వేముల వైపు గనుల ముగ్గురాయిని (బెరైటీస్) మోసే పెట్టె ఎలా మాయాలి? ముగ్గురాయి సాంద్రత నీటికి నాలుగు రెట్లకు పైనే, బొగ్గు కంటే చాలా బరువు. బాక్సెన్ లోపలి చోటు దాదాపు 56 ఘనపు మీటర్లు. బొగ్గు దాన్ని అంచుదాకా నింపుతుంది. ముగ్గురాయి పెట్టె మోయగలిగిన బరువుకు చేరేసరికి సగం ఎత్తుకు కూడా రాదు. కాబట్టి తెల్లమరక లోపలి పక్కల కింది సగంలోనే ఉండాలి, పై సగం పాత తుప్పుతోనే మిగలాలి. లోడరు బకెట్ ఒలికించిన పొడి మాత్రం పైఅంచు మీద ఒకటి రెండు చోట్ల తెల్లగా కనబడొచ్చు. సరుకును కూడా పెట్టె నిండా కాకుండా, చక్రాల జతల పైన రెండు కుప్పలుగా పోయాలి. వ్యాగన్లు దేశమంతా తిరుగుతాయి కాబట్టి అంతకు ముందు మోసిన బొగ్గు నలుపు మూలల్లో కాస్త వదిలేయండి. చక్రాల దగ్గర పులివెందుల ఎర్రదుమ్మును పాస్టెల్‌తో అద్దండి.