బుద్ధులు మారవా?

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు” అనే సామెత మన ఇళ్ళలో రోజూ వినబడేదే. అబ్బాయి బారెడు పొద్దెక్కి లేచినా, కోడలు పాలలెక్క రాయడం మరిచినా, మామగారు పొడుం మానకపోయినా తీర్పు ఒకటే. ఇందులో ఒక సుఖం ఉంది లెండి. తీర్పు చెప్పినవారు ఇక వేరే శ్రమపడనక్కర లేదు!

పండితులూ ఇలాగే అన్నారు. ముప్ఫయ్యో ఏటికి చాలామంది స్వభావం గట్టిపడిపోతుందని అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్ 1890లో రాశాడు. కాని ఏళ్ళ తరబడి మనుషులను గమనించిన పరిశీలనలు ఎన్నో పోగయ్యాయి. వాటిని 2006లో రాబర్ట్స్ మొదలైనవారు కలిపి చూస్తే, బాధ్యతగా మసలడం, మనోనిబ్బరం ఇరవైకీ నలభైకీ మధ్య బాగా పెరుగుతాయనీ, ఆ తర్వాత కూడా మార్పు ఆగిపోదనీ తేలింది.

మన వీరేశలింగం పంతులుగారినే తీసుకోండి. తొలిరోజుల్లో ఆయన పెదవులు తగలని అక్షరాలతో నైషధం రాసిన మనిషి. తర్వాత ‘రాజశేఖర చరిత్రము’లో తేలికైన వచనానికి దిగారు. ప్రహసనాల్లో పాత్రల చేత వాడుకమాటలు పలికించారు. చివరికి 1919లో, డెబ్బై ఏళ్ళు నిండాక, గిడుగువారి పక్షాన వాడుకభాష కోసం ఏర్పడిన సమాజానికి అధ్యక్షులయ్యారు. ఆ ఏడు మే నెలలోనే పోయారు. ఒక్కనాటి వైరాగ్యంతో జరిగిన మార్పు కాదది. చెయ్యి ముందు అలవాటు పడింది, మనసు వెనకనే వెళ్ళింది.

ఇంట్లో అలవాట్లూ అంతే. పొడుం మానతానని ఒట్టు పెట్టుకున్న పెద్దాయనకు కాఫీ తాగగానే చెయ్యి రొంటికి పోతుంది. ఒట్టు తలలో ఉంది, అలవాటు చేతిలో ఉంది మరి! డబ్బీ అటక మీదికి చేర్చి, సరిగ్గా ఆ వేళకే ఒక లవంగం చేతికందిస్తే కొంత నయం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో 96 మంది మీద చేసిన పరిశీలనలో, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని లెక్కతేలింది. నడిమి లెక్క 66 రోజులు. ఒకనాడు తప్పినంత మాత్రాన పని చెడలేదట. ఒక్క ఏకాదశి తప్పితే వ్రతమంతా భంగమని దిగాలుపడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అయితే మారిన మనిషిని ఇంటివారు గుర్తించడానికి ఎన్ని రోజులు పడుతుంది? దానికి లెక్క కట్టినవారు నాకు తారసపడలేదు. నేనెరిగిన ఒక ఇంటాయన తాగుడు మాని రెండేళ్ళయింది. జీతంనాడు ఆయన పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లాలు నేటికీ వీధిగుమ్మంలో నిలబడుతుంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పుస్తెలు రెండుసార్లు తాకట్టుకు వెళ్ళిన ఇల్లది. ఆయనకూ ఆ సంగతి తెలుసు, ఏమీ అనడు.

నిరుడు దీపావళికి ఆమె టపాకాయల డబ్బు ఆయన చేతికిచ్చి బజారుకు పంపింది. ఆయన సామానూ, చీటీ, మిగిలిన చిల్లరా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె చిల్లర లెక్కపెట్టలేదు. బీరువా తాళంచెవి మాత్రం కొంగుననే ఉంచుకుంది.