గారె నడుమ బెజ్జము

మొన్న మా కుమారుడు నరసరావుపేట నుండి మా నూజెండ్లకు వచ్చుచు, డోనట్ అను మైదాపిండి వంటకమును దెచ్చి, "అమ్మా, ఇది అమెరికా గారె!" యని చేత బెట్టెను. బెజ్జము చూచి మేమును నవ్వితిమి. 1847లో ఆ బెజ్జమును తానే కల్పించితినని హాన్సన్ గ్రెగరీ యను నావికుడు చెప్పుకొనెను. 12వ శతాబ్దమున పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమునందే, రంధ్రములు పొడిచి నూనెలో వేయించిన మినుపపిండి ఘారికలు కలవు!

బెజ్జము సొగసునకు మాత్రమే కాదు. అది లేనిచో అంచులు మాడినను నడుమ పచ్చిగా నుండును. పిండి గట్టిగా రుబ్బవలెను; చిన్న ముద్ద నీటిలో వేసిన తేలవలెను. నీరెక్కువైనచో గారె నూనె త్రాగును.

ఇంత తెలిసియు, నిరుడు అత్తగారి తద్దినమునాడు తొందరపడి రుబ్బుయంత్రములో నీరు మిక్కుటముగా బోసితిమి. మొదటి వాయియే చెడెను. భోక్తలు వచ్చు వేళ! మామగారు పల్లెత్తు మాట యనలేదు. మిగిలిన నానుబప్పు తీసికొని తామే రోటికడ గూర్చుండిరి. ఆమె బ్రతికియుండగా నొక్కనాడును పొత్రము పట్టనైతినని మెల్లగా ననిరి.

నాటి నుండి పండుగలకు రుబ్బుట వారి వంతు, వేయించుట మా వంతు. మిగిలిన గారెలను బెల్లపు పాకములో వేయుదుము. డోనట్ తెచ్చిన పిల్లవాడే వానిని ముందుగా ముగించును.