గాజుపెట్టెలో చెరువు శిఖము

ఆర్మూరు పరిసర గ్రామములలో పసుపును త్రవ్వి, ఉడికించి, కళ్ళములలో ఆరబోయు దినములు వచ్చుసరికి, పోచంపాడు వద్ద గోదావరి కడ్డముగా నిలిచిన శ్రీరామసాగరపు నీరు అంతకంతకు వెనుదీయుచుండును. ఊరి చెరువులును అట్లే కృశించి, అంతవరకు నీటి క్రింద నున్న శిఖము భూమి బయల్పడును. ఇట్టి తడినేలల కలవాటుపడిన మొక్కలలో నీటిబ్రాహ్మి యొకటి. వరిమళ్ళలో కలుపుగా మొలచు రొటాలా జాతులు మరికొన్ని. తాను పెరికి గట్టున పారవైచు రొటాలాకు నగరములోని చేపలతొట్ల దుకాణమున వెల కలదని విన్న రైతు నవ్విన నవ్వవచ్చును. నీరున్నపుడు నీటిలోను, లేనపుడు గాలిలోను బ్రదుకనేర్చిన ఈ ఉభయచరముల స్వభావము నాశ్రయించియే, తొట్టిలో ముందు మొక్కలను నాటి, అవి వేళ్ళూనిన పిదపనే నీరు నింపు ‘డ్రై స్టార్ట్’ పద్ధతి వెలసినది. శిఖము భూమి ఏటేట అనుభవించు ఋతుక్రమమే గాజుగోడల నడుమకు వచ్చినదని నా తలంపు.

ఆ గాజుగోడల వంశచరిత్ర మాత్రము లండనులో ఆరంభమైనది. 1829లో నథానియెల్ బ్యాగ్‌షా వార్డ్ అను వైద్యుడు, పురుగుగూడు నుండి రెక్కలపురుగు వెలువడు విధమును చూడగోరి, దానిని తడిమట్టితో కూడిన సీసాలో నుంచి మూతవేయగా, రెక్కలపురుగు మాట యటుండ, ఆ మట్టిలో నొక ఫెర్ను మొక్కయు, కొంత గడ్డియు మొలచినవి. పొగచూరిన నగరపు గాలిలో ఆయన ఎంత శ్రమపడి పెంచినను నిలువని ఫెర్ను, ఎవరును నీరు పోయని సీసాలో వర్ధిల్లుచుండెను: పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరియై పైకెగసి, గాజును తాకి, బిందువులై మరల మట్టిలోనికే జారుచుండెను. 1833లో అట్టి పెట్టెలు సిడ్నీ దాక ఓడప్రయాణము చేసినవి. తరువాతి కాలమున రాబర్ట్ ఫార్చ్యూన్ చీనాదేశపు తేయాకు మొక్కలను వానియందే హిమాలయ పాదములకు తరలించెను. 1850లో రాబర్ట్ వారింగ్‌టన్ గాజుతొట్టిలో బంగారుచేపలను, నత్తలను, వాలిస్నేరియా మొక్కలను కూర్చి, జీవులకును మొక్కలకును గల పరస్పరోపకారమును లోకమునకు చూపెను. జపానీయుడైన తకాషి అమానో తొట్టి నొక ఉద్యానముగా మలచిన కాలమునకు, అడుగున తివాచీవలె పరచుకొను సన్నని మొక్కలకు గిరాకి హెచ్చినది. చిక్కును అచ్చటనే వచ్చినది.

ఆ సన్నని మొక్కలు నీటిలో నాటిన వెంటనే పైకి తేలిపోవును. తేలనివానిని పాకుడు కప్పివేయును. అంతకంటె గొప్ప ఆటంకము వేరొకటి కలదు: బొగ్గుపులుసు వాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చిన, నీటిలో వ్యాపించు వేగము సుమారు పదివేల వంతులలో నొకటి మాత్రమే. అందుచేతనే ఔత్సాహికులు సిలిండరులు తెచ్చి ఆ వాయువును నీటిలోనికి పంపుచుందురు. కాలిఫోర్నియాకు చెందిన టామ్ బార్ ప్రచారమునకు తెచ్చిన ‘డ్రై స్టార్ట్’ పద్ధతిలో మొక్కలు మొదట గాలిలోనే యుండుటచే, సిలిండరు లేకయే కావలసినంత వాయువు లభించును.

చేయవలసినది స్వల్పము. మట్టిని బాగుగా తడిపి, నీటిమట్టము పైపొరకు కొంచెము దిగువనే యుండునట్లు చూచి, మొక్కలను నాటి, తొట్టి నోటిని ప్లాస్టిక్ పొరతో మూసి, దినమునకు పది పండ్రెండు గంటలు దీపకాంతి నిచ్చుచు, బూజు పట్టకుండ అప్పుడప్పుడు పొరను తొలగించి గాలి తగులనీయవలెను. నీరెందుకు నిలువరాదో పసుపు రైతున కెవరును బోధింపనక్కరలేదు; నీరు నిలిచిన నేలలో వేరునకు ఊపిరాడదని, దుంప కుళ్ళునని అతడెరుగును గనుకనే ఎత్తుమళ్ళు కట్టును. ఐతే మన వేసవిలో ఈ తొట్టిని ఎండలో నుంచుట తగదు: వార్డ్ పెట్టె లండను ఎండకు పుట్టినది, నలుబది డిగ్రీలు దాటు ఆర్మూరు ఎండకు గాదు. నీడలో దీపము క్రింద నుంచిన, నాలుగు మొదలు ఎనిమిది వారములలో నేలయంతయు పచ్చబడును.

నీరు నింపిన పిదప కొన్ని ఆకులు కరగిపోవుట చూచి క్రొత్తవారు బెదరుదురు. గాలిలో పుట్టిన ఆకునకు తడి యారిపోకుండ కాపాడు మైనపుపొరయు, ఊపిరి పీల్చు పత్రరంధ్రములును ఉండును. నీటిలో వానికి పనిలేదు. మొక్క ఆ ఆకులను విడిచి, పలుచని క్రొత్త ఆకులు తొడుగుకొనును; ఊనిన వేళ్ళలోని నిలువ దాని కీ సంధికాలమున ఆధారము. క్రొత్త మట్టి నుండి వెలువడు అమ్మోనియాను నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు, 1890 ప్రాంతమున విన్‌గ్రాడ్‌స్కీ వేరుపరచి చూపినట్టివి, తడిమట్టిలో అంతకుముందే కొంత స్థిరపడియుండును. ఐనను నీటిలో అమ్మోనియా లేదని పరీక్షించిన తరువాతనే చేపలను విడువవలెను. వారింగ్‌టన్ తొట్టిని నిలబెట్టిన వాలిస్నేరియాకు మాత్రమీ పద్ధతి బొత్తిగా పనికిరాదు. గాలిలో నిలువుగా నిలిచి బ్రదుకు శక్తి దానికి లేదు. దానిని నీరు నింపిన పిదపనే నాటవలెను.