నొప్పి తెలియని ముల్లు

ప్రజ్ఞాపూర్‌లో ఒక అత్త ఉంది. ఆమెకు బి.పి. ఉంది. గోళీలు మానేసింది.

"నాకేం నొప్పి లేదు బిడ్డా. మందు ఎందుకు?" అన్నది కోడలితో.

కోడలు నర్సమ్మను పిలుచుకొచ్చింది.

"కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే ఏమైతది అవ్వా?" అని నర్సమ్మ అడిగింది.

"ఎర్రగ అయితది. వాస్తది. సలుపుతది."

అవును. మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. అవి ఒంటికి కావలివాళ్లు. దెబ్బ తగిలిన చోటికి ఉరికి వస్తాయి. అందుకే వాపు వస్తుంది. ముల్లు తీస్తే వాపు తగ్గుతుంది. తీయకపోతే చీము పడుతుంది.

ఇలాంటి వాపు రక్తనాళం లోపల కూడా వస్తుంది. కానీ అది కనబడదు. నొప్పి తెలియదు.

గుండె నుంచి ఒళ్లంతా రక్తం పారే నాళాలను ధమనులు అంటారు. వాటి లోపలి పొర నున్నగా ఉంటుంది. బి.పి., షుగర్, బీడీ పొగ ఆ పొరను దెబ్బతీస్తాయి. అప్పుడు రక్తంలోని చెడు కొవ్వు పొర కిందికి దూరుతుంది. ఇదే లోపలి ముల్లు.

తెల్లకణాలు వస్తాయి. కొవ్వును మింగుతాయి. అక్కడే చస్తాయి. ఆ చోట గడ్డ లేస్తుంది. దాని మీద పెచ్చు కడుతుంది. ఏండ్లు గడిచేకొద్దీ సున్నం చేరుతుంది. మెత్తని నాళం గట్టిపడుతుంది. దారి ఇరుకవుతుంది.

వాపు తగ్గకపోతే పెచ్చు పలచబడుతుంది. ఒకనాడు చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డ కట్టి దారి మూసుకుపోతుంది. గుండెలో అయితే గుండెపోటు. మెదడులో అయితే పక్షవాతం.

వాపు సంగతి నిజమేనా? 2017లో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. అంతకుముందు గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా అందులో ఉన్నారు. కొందరికి వాపు తగ్గించే సూది ఇచ్చారు. ఆ సూది కొవ్వును తగ్గించదు. అయినా గుండెపోట్లు కొంత తగ్గాయి. కానీ కొందరికి అంటురోగాలు ముదిరి ప్రాణాలు పోయాయి. అందుకే ఆ సూది అందరికీ ఇవ్వరు.

"మోకాళ్ల నొప్పుల గోళీ వాపు తగ్గిస్తది కదా. అది మింగుతా" అన్నది అత్త.

"వద్దు అవ్వా. అవి రోజూ మింగితే బి.పి. పెరుగుతది. గుండెకు చేటు" అన్నది నర్సమ్మ.

"ఇది పట్నపోళ్ల రోగం కదా?" అన్నది కోడలు.

కాదు. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో చావుల లెక్క తీశారు. వందలో 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఆడవాళ్లకూ గుండెపోటు వస్తుంది.

మరి ముల్లు తీసేదెట్లా? బి.పి., షుగర్ గోళీలు మానవద్దు. ఉప్పు, నూనె తగ్గించాలి. రోజూ నడవాలి. బీడీ, తంబాకు మానాలి. ఇంట్లో మగవాళ్లు వదిలే పొగ కూడా ఆడవాళ్లకు చేటే.

ఛాతీ పట్టేసినా, దవడ, వీపు, చెయ్యి గుంజినా, ఆయాసం, చెమటలు, వాంతి వచ్చినా గ్యాస్ అనుకొని పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అత్త లేచింది. గూట్లో గోళీల డబ్బా తీసింది.

"బిడ్డా, నీళ్లు తే" అన్నది.

మీ ఇంట్లో బి.పి. ఎవరికి ఉంది? వాళ్లు ఈ రోజు గోళీ వేసుకున్నారా? అడగండి.