తిరిగే చక్రం, ఆగని నీళ్లు

మీ ఇంట్లో కుళాయి కింద, గోడ దగ్గర, చిన్న చక్రంగాని పిడిగాని ఉన్న ఇత్తడి వస్తువు ఒకటి ఉంటుంది, చూశారా? అదే వాల్వు. కుళాయికి రోజూ పని ఉంటుంది. వాల్వుకు ఏడాది పొడుగునా పనే ఉండదు. దానివల్ల వచ్చే చిక్కేమిటో ఒక ఆదివారంనాడు మాకు తెలిసివచ్చింది.

వంటింట్లో సింకు కింద, కుళాయికి నీళ్లు తెచ్చే గొట్టం పగిలింది. నాన్నగారు పరుగున వచ్చి వాల్వు చక్రం తిప్పారు. ఎంత తిప్పితే అంత తిరిగింది! నీళ్లు మాత్రం ఆగలేదు. మేడమీద ట్యాంకు దగ్గర ఇంకొక వాల్వు ఉన్నది గదా అని ఎక్కి చూస్తే, అది అసలు కదలనే లేదు. ట్యాంకు ఖాళీ అయినదాకా అందరం బక్కెట్లు మోస్తూ, గుడ్డలు పిండుతూ గడిపాం. అది 1,000 లీటర్ల ట్యాంకు. అంటే 1,000 కిలోల నీళ్లన్నమాట!

మర్నాడు మేస్త్రీ వచ్చి, పాత వాల్వును ఊడదీసి, విప్పి నాకు చూపించాడు. దాన్ని గేట్ వాల్వు అంటారు. చెరువు తూముకు తలుపు ఉన్నట్టే, దాని లోపల ఒక ఇత్తడి పలక ఉంటుంది. చక్రం తిప్పితే మధ్యనున్న కాడ తిరుగుతుంది. కాడ మీది మరలు పలకను కిందికి దించుతాయి. మా వాల్వులో పలక దిగే గాడినిండా తెల్లని గార గట్టిపడి ఉన్నది. బోరునీళ్లలో కరిగి ఉండే కాల్షియం లవణాలే అలా పేరుకుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున మీరు చూసేదీ అదే. కదలని పలకను బలవంతాన తిప్పీ తిప్పీ మరలు కాస్తా అరిగి నున్నగా అయినాయి. అందుచేత కాడ తిరుగుతున్నది, పలక ఉన్నచోటనే ఉన్నది.

ఒక వాల్వును మార్చాలంటే, దానికి ముందున్న వాల్వును కట్టాలి. మాకు ఆ ముందుదీ చెడింది గనక, ట్యాంకు ఖాళీగా ఉండగానే మేస్త్రీ మొదట దాన్నే మార్చాడు. తరవాత సింకు దగ్గర ఒక రెంచితో పైపును కదలకుండా పట్టుకుని, రెండో రెంచితో కొత్త వాల్వు బిగించాడు. అలా పట్టుకోకపోతే గోడలో పైపు మెలిపడి విరుగుతుందట! బిగించేముందు పైపు మరలకు తెల్లని టెఫ్లాన్ టేపు చుట్టాడు. వెనక నూలుదారానికి సఫేదా పూసి చుట్టేవారు. టెఫ్లాన్ 1938లో అమెరికాలో ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి, ఆయన ఇంకేదో వాయువుకోసం ప్రయత్నిస్తూంటే అనుకోకుండా దొరికింది.

ఈసారి వేసినవి బాల్ వాల్వులు. లోపల బెజ్జం ఉన్న బంతి ఉంటుంది. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు. పిడి పైపు వెంట ఉంటే నీళ్లు వస్తాయి, అడ్డంగా ఉంటే ఆగుతాయి. అయితే ఏళ్లతరబడి తిప్పకపోతే బంతికీ గార పడుతుంది.

మా ట్యాంకు కుళాయికి 6 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తునుంచి దిగే నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 600 గ్రాముల ఒత్తిడి చేస్తుంది. అందుకని మేస్త్రీ నీళ్లు మెల్లిగా వదిలి, అతుకుల చుట్టూ పొడికాగితం అద్ది చూశాడు. ఒకచోట కాగితం తడిసింది. రెంచితో ఇంకొక పట్టు బిగించి, మళ్లీ అద్దాడు.

మీ ఇంట్లో వాల్వులు ఎన్ని ఉన్నవో పెద్దవాళ్లతో కలిసి లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్నీ కట్టి, కుళాయి విప్పి చూడండి. కదలనిదాన్ని మాత్రం మీరు బలంకొద్దీ తిప్పకండి. దాన్ని మేస్త్రీకి చూపించాలి—గొట్టం పగలకముందే.